చెయ్యని తప్పుకి క్షమాపణ

తోడికోడలు వచ్చి ఆ మాట అన్నప్పుడు వాసనక్క కిటికీ దగ్గర కూర్చుని ఎడమచేత్తో తల దువ్వుకోవడం అలవాటు చేసుకుంటోంది.

"అక్కా, నన్ను క్షమించు."

దువ్వెన ఆగింది. "ఏమన్నావ్?"

"క్షమించమన్నానక్కా. నీ చెయ్యి ఇలా అయిందంటే నావల్లే కదా."

వాసనక్క ఆమె మొహం చూడలేదు. మొహం ఎన్ని వేషాలైనా వేస్తుంది. కాళ్ళు చూసింది. ఒక కాలు గుమ్మానికి ఇవతల, ఒక కాలు అవతల. నిజంగా తప్పు ఒప్పుకోవాలని వచ్చిన మనిషి లోపలికొచ్చి కూలబడుతుంది. చెప్పమన్నది చెప్పేసి పోదామని వచ్చిన మనిషి ఇలా నిలబడుతుంది.

"సరే, విన్నాను. వెళ్ళు."

"అంటే క్షమించినట్టేనా?"

"విన్నానన్నాను."

చిన్నది వెళ్ళిపోయింది. వాసనక్కకి మాత్రం ఇక దువ్వెన కదల్లేదు. చిన్నది అంటే మరిది భార్య. ఒకే ఇల్లు, చెరో గది, ఇద్దరికీ కలిపి ఒకే వంటిల్లు, ఆ వంటింటి మీద అధికారం మొత్తం అత్తగారిది. ఇన్నేళ్ళుగా ఆ ఇంట్లో 'క్షమించు' అన్న మాట ఎవరి నోటా రాలేదు. అన్నదమ్ములిద్దరూ గొంతు చించుకుని అరిచి, కాసేపయ్యాక "టీ ఉందా?" అని అడుగుతారు. అదే వాళ్ళ క్షమాపణ. అత్తగారు కోడల్ని నోటికొచ్చినట్టు తిట్టిన పూట కోడలు తిన్న కంచం కూడా తనే తోమి బోర్లిస్తుంది. అది ఆవిడ పద్ధతి. ఇక చిన్నదైతే "తప్పైపోయిందక్కా, ఏమనుకోకు" అంటూ చెయ్యి పట్టుకుని ఊపేస్తుంది. ఎవరు ఏ పద్ధతిలో దిగొచ్చినా జవాబు ఒకటే, "పోనీలే". పోనీలే అన్నది గిన్నె మీద మూత లాంటిది. కింద ఏముందో మూత చెప్పదు.

క్షమించు అన్నది మైకు ముందు మాట. కుర్చీల్లో కూర్చునేవాళ్ళ మాట. గిన్నెల మధ్య తిరిగే చిన్నదాని నోట్లోకి అది నడిచి రాలేదు, ఎవరో తెచ్చి పెట్టారు. ఎవరు?

అనుమానం వాసనక్కకి పుట్టుకతో వచ్చిన జబ్బని అత్తగారి అభిప్రాయం. "దీనికి దేవుడు కనబడి వరమిస్తానంటే, నీకేం లాభం అని అడుగుతుంది" అని వీధంతా వినేలా అంటుంది. నిజానికి అది పుట్టుకతో వచ్చింది కాదు, బతుకుతో వచ్చింది. గొళ్ళెం ఊడిన తలుపుకి లోపలినుంచి కుర్చీ అడ్డం పెట్టుకుంటాం చూడండి, లేనివాళ్ళకి అనుమానం అలాంటిది. కుర్చీ ఎందుకు పెట్టావని అడిగేవాళ్ళే గానీ గొళ్ళెం బిగించేవాళ్ళు కనబడరు.

ఆసుపత్రుల దుప్పట్లు ఉతికే పెద్ద లాండ్రీలో ఆమె పని. తోడికోడళ్ళిద్దరూ అక్కడే. సరిగ్గా ఆరని దుప్పటి మడతల్లోనే ముక్కిపోతుంది కాబట్టి ఈమె ప్రతి దుప్పటినీ ఒకసారి ముక్కు దగ్గర పెట్టుకుని గానీ వదలదు. అలా వాసనక్క అయింది. పేరు పెట్టినవాళ్ళు వెక్కిరింపుగానే పెట్టారు. ఈమె వాసన చూసేది దుప్పట్లొక్కటే కాదు మరి. మేనేజరు ఒకసారి అందరికీ కొత్త టోపీలు పంచితే, టోపీ తిరగేసి చూసి, "ఇది పెట్టి ఏం తీసుకుంటారు సార్?" అంది. అందరూ నవ్వారు. ఆ వారంలోనే టీ తాగే వ్యవధి సగమైంది. ఆ తర్వాత ఎవరూ నవ్వలేదు. పైగా ఏ కొత్త సంగతి వచ్చినా ముందు ఈమె మొహం చూసేవాళ్ళు.

చెయ్యి పోయిన సంగతి ఇది.

తడి దుప్పటి ఆరి, ఇస్త్రీ అయి బయటికి రావడానికి అక్కడ ఒక రోలరు ఉంది. మనిషి నడుమంత లావు, పొయ్యిమీది పెనమంత వేడి. ఇటువైపు ఇద్దరు నిలబడి దుప్పటి అంచులు పట్టుకుని లోపలికి అందిస్తారు. అటువైపు ఇద్దరు అందుకుని మడత పెడతారు. అందించే వైపు, వేళ్ళకి ముందుగా, ఒక కడ్డీ ఉంటుంది. దాన్ని ఆడవాళ్ళు అడ్డుకడ్డీ అంటారు. వేలు తగిలినా చాలు, రోలరు ఆగిపోతుంది. వేలొక్కటే కాదు, ముడత పడ్డ అంచు తగిలినా ఆగుతుంది. ఆగినప్పుడల్లా మళ్ళీ నడవడానికి ఆలస్యం. అందుకని పని ఎక్కువగా ఉన్న రోజున చింపిన దుప్పటి పేలికతో ఆ కడ్డీని పైకి కట్టేసేవాళ్ళు. మేనేజరు ఏనాడూ "కట్టండి" అనలేదు. "దాన్ని కాస్త నిద్రపుచ్చండమ్మా" అనేవాడు. నవ్వుతూ అనేవాడు. రేపు ఎవరైనా అడిగితే తను కట్టమన్నట్టు ఎక్కడా ఉండదు.

వాసనక్క మాత్రం నిద్రపుచ్చనిచ్చేది కాదు. తను నిలబడే పూట ముందు పేలిక విప్పడం, ఆ తర్వాత కడ్డీని మోచేత్తో పొడిచి రోలరు ఆగుతుందో లేదో చూసుకోవడం, అప్పుడు గానీ పనిలోకి దిగకపోవడం. ఆ రోజూ విప్పింది, పొడిచింది, రోలరు ఆగింది. అంతలో మేనేజరు పిలిచాడు. ఒక ఆసుపత్రి మూట వెనక్కి పంపిందట, వాసనొస్తోందట, కొంచెం చూసి చెప్పమన్నాడు. "నీ ముక్కే మా కంపెనీకి దిక్కమ్మా" అన్నాడు. పక్కన అందించే పాటలామె తడి బండి తేవడానికి వెళ్ళింది. పాటలామె అంటే ఎప్పుడూ ఏదో ఒక కూనిరాగం తీస్తూ ఉండే మనిషి. వాసనక్క వెనక గదిలో మూట సంగతి తేల్చి తిరిగొచ్చేసరికి పాటలామె వచ్చి ఉంది, రోలరు తిరుగుతోంది. వాసనక్క మళ్ళీ పొడిచి చూడలేదు. ఇన్నేళ్ళలో దొరికిన మొదటి పొగడ్త ఇంకా చెవిలో ఉంది మరి. చిరిగిన అంచు దారం వేళ్ళకి చుట్టుకుంది. చెయ్యి లోపలికి పోయింది. కడ్డీ తగిలింది, రోలరు ఆగలేదు. పాటలామె పాట మానేసి గోడకున్న ఎర్ర బొత్తాం గుద్దేసరికి రెండు వేళ్ళు వేళ్ళలా లేవు.

కడ్డీకి పేలిక కట్టి ఉంది.

తను లేదు. పాటలామె లేదు. అప్పుడు మెషిన్ దగ్గర ఉన్నది అటువైపు మడతలు పెట్టే చిన్నది ఒక్కతే. మడత పెట్టే రెండో ఆమె ఆ రోజు పనికే రాలేదు. ఆసుపత్రి మంచం మీద పడుకుని వాసనక్క ఈ లెక్క ఎన్నిసార్లు వేసుకున్నా చిన్నదాని దగ్గరికే వచ్చి ఆగేది. ఇంటికొచ్చాక చిన్నది జడ వేస్తానంటుంది, బట్టలు తను ఉతుకుతానంటుంది, గుడ్డు ఉడికించి పొట్టు తీసి మరీ తెస్తుంది. ఒక్కో సేవా అనుమానం గోడకి ఒక్కో ఇటుక పేర్చింది. ఇప్పుడు ఈ క్షమించు. గోడ పూర్తయింది. కానీ కట్టిన మేస్త్రీ చిన్నది కాదని వాసనక్క ముక్కుకి తెలిసిపోతోంది.

మేస్త్రీ మర్నాడే వచ్చాడు, పళ్ళ సంచితో.

అత్తగారు ఉన్న ఒక్క కుర్చీ తుడిచి వేసింది. మేనేజరు కూర్చుని ముందు కట్టు వంక చూసి, వెంటనే చూపు తిప్పుకున్నాడు.

"ఎలా ఉందమ్మా?"

"ఉన్నంత వరకు బాగానే ఉంది సార్."

"నీ ఉద్యోగానికి ఢోకా లేదు. కూర్చుని చేసే పని చూస్తాం. సోమవారం పెద్ద ఆసుపత్రి వాళ్ళు వస్తున్నారు. ప్రమాదం సంగతి వాళ్ళ చెవిన పడిందట. మనలో మనకి ఏ పొరపొచ్చాలూ లేవని వాళ్ళకి తెలియాలి. మీ తోడికోడలు పిల్ల, పాపం, ఒకటే ఏడుస్తోంది. తెలియక కట్టేసిందట. అందరి ముందూ నిన్ను క్షమించమని అడుగుతుంది. నువ్వు క్షమించానని ఒక్క మాట అను. దాని ఉద్యోగమూ నిలబడుతుంది."

"ఒక్క మాటేనా సార్?"

"ఒక్కటే. క్షమించడం గొప్పవాళ్ళ లక్షణమమ్మా."

"గొప్పవాళ్ళు మీరు కదా సార్. మీరే క్షమించెయ్యండి."

మేనేజరు నవ్వాడు. నవ్వు కళ్ళదాకా రాలేదు. "నీకు హాస్యం ఎక్కువ. ఆలోచించుకో. మాట రాకపోతే, ప్రమాదానికి కారణమైన మనిషిని ఉంచుకోలేం కదా. ఒకే ఇంట్లో ఉంటారు, ఆ తర్వాత మీకే ఇబ్బంది" అని లేచాడు.

పళ్ళ సంచి మంచం మీద ఉండిపోయింది. అత్తగారు ఒక పండు తీసి, ఒత్తి చూసి, "మెత్తబడ్డవి ఏరి తెచ్చినట్టున్నాడు" అంది. తర్వాత గొంతు తగ్గించింది. "అనెయ్యవే. ఒక్క మాటే కదా. దాని జీతం ఆగిపోతే ఇంట్లో పొయ్యి ఆరిపోతుంది."

"ఒక్క మాట కోసం అంత పెద్దమనిషి మన గుమ్మం ఎందుకెక్కాడు అత్తా?"

అత్తగారు చేతిలోని పండు తిరిగి సంచిలో పడేసింది.

పేదవాళ్ళని క్షమించమని ఎవరూ నిజంగా అడగరు. వాళ్ళచేత క్షమింపజేస్తారు. పైన జరిగిన తప్పు మెల్లగా కిందికి జారుతుంది. జారి జారి చివరికి ఇద్దరాడవాళ్ళ మధ్య గొడవగా తేలుతుంది. వాళ్ళలో ఒకరు ఏడుస్తారు, ఒకరు కరుగుతారు, చూసేవాళ్ళు చప్పట్లు కొడతారు. అడ్డుకడ్డీకి కట్టిన పేలిక మాత్రం కట్టినచోటే ఉంటుంది. ఆ ఒక్క మాట అంటే ఇక ఎవరూ ఆ కడ్డీ సంగతి అడగరని వాసనక్కకి అర్థమైంది. అనకపోతే చిన్నదాని పని పోతుంది. అది ఇంకా బాగా అర్థమైంది.

సాయంత్రం చిన్నది పెరట్లో బట్టలు ఆరేస్తోంది. వాసనక్క వెళ్ళి తడిచీర రెండో కొస ఎడమచేత్తో అందుకుంది.

"నువ్వెందుకక్కా, నేను వేస్తాగా."

"పట్టుకో. కడ్డీ నువ్వే కట్టావా?"

"చెప్పాగా అక్కా. తెలియక కట్టేశా."

"తెలియక కట్టడమేంటే? నిద్రలో కట్టావా? సరే, ఎక్కడ నిలబడి కట్టావ్?"

చిన్నది చీర కొస విదిలించింది. నీళ్ళు ఇద్దరి మొహాల మీదా పడ్డాయి. "అక్కడే. కడ్డీ దగ్గర."

"నువ్వు ఇటువైపుకి రావాలంటే తడి బండి దారిలోంచి రావాలి. ఆ దారిలోనే పాటలామె బండి తోసుకొస్తోంది. నిన్ను చూడలేదంది, నిన్న నన్ను చూడ్డానికొస్తే అడిగాను."

"ఆమెకి పాటలే గానీ మనుషులు కనబడరు."

"నా మొహం చూసి చెప్పు."

చిన్నది చూడలేదు. చీర తాడు మీద వేసి, దాని వెనక్కి వెళ్ళి, అక్కడినుంచి మాట్లాడింది. మధ్యలో తడిబట్ట ఉంటే మాట సులువుగా వస్తుంది కాబోలు.

"నేను కట్టలేదక్కా. సారు కట్టాడు. నిన్ను వెనక గదికి పంపి, తనే వచ్చి కట్టాడు. రోలరు మీదుగా చూశాను. నన్ను చూసి నవ్వాడు. ఈ పూటకేనమ్మా అన్నాడు."

"మరి నువ్వు కట్టానని ఎందుకన్నావే?"

"అనకపోతే ఇద్దరినీ తీసేస్తామన్నాడు. అన్నానంటే ఇద్దరినీ ఉంచుతామన్నాడు. ఏం మాట్లాడాలో కూడా తనే చెప్పాడు. రెండుసార్లు అప్పజెప్పించుకున్నాడు, బళ్ళో పిల్లని అడిగినట్టు."

వాసనక్కకి క్షణం హాయిగా అనిపించింది. తన ముక్కు తప్పలేదు. వెంటనే ఆ హాయి కింద ఇంకేదో తగిలింది. ఆమె చీరని పక్కకి జరిపింది.

"నేను తిరిగొచ్చినప్పుడు నువ్వక్కడే ఉన్నావుగా."

"ఉన్నా."

"కట్టి ఉందని తెలుసు."

"తెలుసు."

"ఒక్క కేక వెయ్యలేకపోయావా?"

చిన్నది నేల మీద కూలబడింది. నిన్నటి గుమ్మం దగ్గరి నిలబాటు కాదు ఇది. "నువ్వు చూస్తావనుకున్నానక్కా. నువ్వు రోజూ పొడిచి చూస్తావుగా. ఎవర్నీ నమ్మవుగా. ఇవాళ మాత్రం ఎందుకు నమ్ముతావ్ అనుకున్నా. సారు ముందు నేను అరిచి చెడ్డ కావడమెందుకు, అక్క ఎలాగూ చూసుకుంటుంది అనుకున్నా."

ఆ లాండ్రీలో అందరూ అంతే. వాసనక్క ఉందిగా, అనుమానించే పని ఆమె చూసుకుంటుందిలే అని ధీమాగా ఉన్నారు. ఆమె అనుమానం మీద వాళ్ళందరికీ గట్టి నమ్మకం. ఆమె నమ్మిన ఒక్క పూటకి మాత్రం కాపలా ఎవరూ లేరు.

వాసనక్కకి ఏడుపు రాలేదు, కోపం వచ్చింది. ఆసుపత్రి మంచం మీద కూడా ఇంత రాలేదు.

"చెయ్యని తప్పుకి క్షమాపణ అడిగావ్. చేసినదాన్ని దాని కింద దాచావ్. అంతేనా?"

"అది అడగడానికి నోరు రాలేదక్కా."

"చెయ్యనిదానికి నా దగ్గర క్షమాపణ లేదు. చేసినదానికి కావాలా? ఆ రోజు వెయ్యని కేక సోమవారం వెయ్యి. ఆ తర్వాత చూద్దాం."

"పని పోతుందక్కా."

"పోతుంది. నాదీ పోవచ్చు. ఆలోచించుకో. నేను చెప్పానని చెయ్యకు. నేను చెప్పింది చేస్తే, సారు చెప్పింది చేసినట్టే అవుతుంది."

సోమవారం దాకా ఇద్దరూ ఒకే వంటింట్లో ఒకరికొకరు తగలకుండా తిరిగారు. చిన్నది మేనేజరు దగ్గరికి వెళ్ళి అంతా చెప్పేసిందేమోనని వాసనక్కకి అనుమానం. వాళ్ళ గదిలో గుసగుసలు వినబడితే అనుమానం, వినబడకపోతే ఇంకా అనుమానం.

దుప్పట్లు మడతపెట్టే హాల్లో కుర్చీలు వేశారు. కుర్చీల్లో పెద్ద ఆసుపత్రి నుంచి వచ్చిన ఒకాయనా ఒకావిడా. ఎదురుగా ఆడవాళ్ళంతా నిలబడ్డారు. మేనేజరు మైకు తీసుకుని, "మాదంతా ఒకే కుటుంబం" అన్నాడు.

"కుటుంబమైతే ఈయన అంట్లు ఎప్పుడు తోముతాడో" అని పాటలామె వాసనక్క చెవిలో గొణిగింది. ముందు వరసలో ఎవరో నవ్వాపుకోలేక దగ్గారు.

మైకు చిన్నదాని చేతికొచ్చింది.

"నావల్ల... మా అక్కకి... నేను తెలియక..." అని ఆగింది. మేనేజరు పెదవులు కదిలిస్తూ తర్వాతి మాట అందించాడు. "పెద్ద మనసుతో..." అంది చిన్నది.

చెప్పదు, అనుకుంది వాసనక్క. చెప్తుందని ఎదురుచూడటం నా బుద్ధి తక్కువ.

చిన్నది మైకు దించేసింది. మైకు లేకుండానే అరిచింది. బజార్లో బేరమాడే గొంతు అది, హాలు చివరిదాకా పోయింది.

"కడ్డీ నేను కట్టలేదు! సారు కట్టాడు! నేను చూశాను! చూసి కూడా మా అక్కకి చెప్పలేదు. నా తప్పు అదీ. మిగతాదంతా ఆయన నేర్పిన పాఠం!"

మేనేజరే ముందు తేరుకున్నాడు. "తోడికోడళ్ళండీ. ఇంట్లో ఏవో ఉంటాయి" అన్నాడు కుర్చీల వైపు తిరిగి, చాలా మెత్తగా.

కుర్చీలో ఆవిడ వాసనక్కని అడిగింది. "మీరు ఈ అమ్మాయిని క్షమించారా?"

"ఏ తప్పుకమ్మా? కడ్డీ కట్టినందుకైతే, అది కట్టలేదు. కట్టినాయన నన్నింతవరకు అడగలేదు. అడిగితే ఆలోచిస్తాను. ముందు మీరు వెళ్ళి ఆ కడ్డీ చూడండి. ఇవాళ కూడా కట్టే ఉంటుంది. మీ దుప్పట్లు త్వరగా కావాలిగా."

వాళ్ళు వెళ్ళి చూశారు. కట్టే ఉంది. ఆయన ఏదో రాసుకున్నాడు, ఆవిడ ఫోటో తీసుకుంది, మళ్ళీ కబురు చేస్తామన్నారు. మర్యాదగా అన్నారు. మర్యాదగా అన్న మాటల్ని వాసనక్క ఏనాడూ లెక్కలోకి తీసుకోలేదు.

మర్నాడు పొద్దున చిన్నదానితోపాటు, మేనేజరు అన్న కూర్చునే పనికని వాసనక్క కూడా వెళితే, గేటు దగ్గర వాచ్‌మన్ నేల చూస్తూ చెప్పాడు. "పెద్దామె లోపలికి రావచ్చట. చిన్నామెని రానివ్వొద్దన్నారు. నన్నేమనకండి తల్లీ, చెప్పమన్నది చెప్పాను."

"నువ్వెళ్ళక్కా" అంది చిన్నది. "నువ్వైనా ఉండు. ఇంట్లో ఒక జీతమైనా రావాలిగా."

వాసనక్క గేటు పక్క పిట్టగోడ మీద కూర్చుంది.

"ఏంటక్కా ఇది? నువ్వు నన్ను క్షమించావా?"

"లేదు. నిన్ను చూస్తే ఇంకా ఒళ్ళు మండుతోంది."

"మరి?"

"మరి ఏంటే? ఒళ్ళు మండితే పక్కన కూర్చోకూడదని ఎక్కడైనా ఉందా? క్షమించడం నా ఇష్టం, ఎప్పుడు కుదిరితే అప్పుడు. ఇది వేరు. కూర్చో."

చిన్నది కూర్చుంది, కొంచెం దూరంగా. పనిలోకి వచ్చేవాళ్ళు ఒక్కొక్కరే గేటు దాకా వచ్చి వీళ్ళని చూసి ఆగుతున్నారు. కొందరు తల వంచుకుని లోపలికి పోయారు. లోపలికి పోయినవాళ్ళ మీద వాసనక్కకి కోపం రాలేదు. ఆగినవాళ్ళ మీద మాత్రం అనుమానం వచ్చింది. తమాషా చూడటానికి ఆగారా, మేనేజరుకి చేరవెయ్యడానికి ఆగారా?

పాటలామె వచ్చి చేతిసంచి గోడ మీద పెట్టింది. "ఎంతసేపు కూర్చుంటారు?"

"నీకెందుకు?"

"నాకు కాకపోతే ఎవరికి? రోలరు దగ్గర ఇటు ఇద్దరుండాలి, అటు ఇద్దరుండాలి. నువ్వు ఇక్కడ, ఇది ఇక్కడ. నేనొక్కదాన్ని లోపలికెళ్ళి దుప్పటి ఎవరికి అందించను, గోడకా?"

వాసనక్క ఆమెని పైనుంచి కిందిదాకా చూసింది. నిజమే చెప్తోందా, మొహమాటానికి అంటోందా తేలలేదు. లోపల రోలరు మోత మొదలవ్వాల్సిన వేళ దాటిపోయింది. వీధిలోకి ఏ చప్పుడూ రావట్లేదు. వాసనక్క చిన్నదాని వైపుకి ఒక జానెడు జరిగి, పాటలామెకి చోటిచ్చింది.